బొరుగుల హజరాబీని మోసినోళ్లు

యా హజరాబీనప్పా నువ్వడిగేది? బస్టాండుకాడ బొరుగులమ్మే హజరాబీనా? ఆయమ్మ పేరెత్తితే ఈ ఊరిమీద నాకిప్పటికీ కడుపు మండుతాది. కూచో, చెప్తా. యాభై ఏడులో ఫ్లూ జరం వచ్చె సూడు, దేశాలన్నీ తిరిగి మా జమ్మలమడుక్కు గూడా వచ్చె. ఇంటింటా మంచం పట్టినోళ్లే. నేనూ, మాయమ్మా, అందరం పండుకొనింటిమి. వయసులో ఉండేటోళ్లం తట్టుకొంటిమి, ముసిలోళ్ల గతేంది? ఆస్పత్రికి తీస్కపోతే, "ఏండ్లు మీరినోళ్లకు ఈడ మంచాల్ల్యావు, ఇంటికి తీస్కపోండి" అనిరి. ఇంట్లో సూసేదెవురు? గొర్ల ఎర్రన్నను కన్నకొడుకులే ఊరిబయట గొర్లదొడ్లో పండబెట్టిరి, పిల్లోళ్లకు అంటుకుంటాదని. గొర్రెపిల్లకు జరమొస్తే భుజానేసుకొని తిరిగే నాయాండ్లు, తండ్రిని ఆడ పారేసిరి!

హజరాబీ బొరుగుల గంప నెత్తిన పెట్టుకొని ఆ పక్కన పోతా ఆయప్ప మూలుగు వినె. ఆయమ్మకే అరవై దాటింటాయి. మొగుడు ల్యా, పిల్లల్ల్యా. జావ కాంచి తాపె. తాపి ఊరుకోల్యా, ఇట్ల మూల పడినోళ్లు ఇంకెవురుండారో ఇల్లిల్లూ తిరిగె. ఓబులయ్య సావుకారి శెనక్కాయల గోడౌను ఖాళీగా ఉంటే పోయి అడిగె. "ఆడ రోగిష్టోళ్లను పెడితే రేపు నా కాయలెవురు కొంటారే?" అన్యాడంట ఆ పెద్దమనిషి. ఆయమ్మ ఇంటికి పోయి రోకలి తెచ్చి తాళం పగలగొట్టె! సావుకారి పరిగెత్తుకొనొచ్చి అరుస్తాంటే, "పోలీసోళ్లను పిల్చుకరాపో సామీ. ముందు ఈ ఎర్రన్న కాళ్లు పట్టు, లోపల పండబెడ్దాం" అనెనంట. పడతాడా? దూరం నుంచే కూసి పోయె.

మా నాయన్ను కన్న జేజిని గూడా ఆడికే చేర్చిరి. జేజికేమో మడి. "సాయిబులామె చేతి జావ నాకొద్దు" అని మొగం తిప్పుకొనె. "తాగొద్దులే అవ్వా, నోరు పుక్కిలించి ఊంచు" అనె హజరాబీ. పుక్కిలించబోయి మింగేసె మా జేజి! ఇంగ దినామూ ఆ చేతి జావే.

ముసిలోళ్లు లేసి కూచున్యాక ఆయమ్మ జరంతో పడిపోయె. ఎర్రన్న కట్టె పట్టుకొని పోయి డాక్టరు వాకిలి కొట్టె. లోపల మనిషుండాడు, దగ్గు ఇనపడతాంది, వాకిలి మాత్రం తీయల్యా. అప్పటికి మద్యాన్నం. ఆయప్ప తిరిగొచ్చేసరికి హజరాబీ పోయె.

మోసేదానికి ఎవురూ రాల్యా. ఆయమ్మ అక్క కొడుకులే రాల్యా! పక్కింటి గులాబ్‌బీ ఒక్కతే వచ్చి శవానికి నీళ్లు పోసె. గోడౌనులో లేసిన ముసిలోళ్లే భుజం పట్టిరి, అలీ అహ్మద్ సాయిబు ముందరా, ఎర్రన్న యెనకా. రోంత దూరం పోవల్ల, దించల్ల, దగ్గల్ల, మళ్లా ఎత్తల్ల. బజారు బజారంతా కిటికీల్లోంచి సూస్తాండె. కడాకు ఎర్రన్న కొడుకులకు సిగ్గొచ్చిందో ఏమో, "మేం పట్టుకుంటాం నాయనా" అని వచ్చిరి. ఎర్రన్న కట్టె ఎత్తె. "ముట్టుకుంటే చేతులిరగ్గొడ్తా! మీకు అంటుకుంటాది గదరా, దూరం పోండి!"

రొప్పుతా రొప్పుతా ఖబరస్తాన్ దాకా వాళ్లే మోసిరి.

ఆ కొడుకులా? పెద్దోడు ఈడనే యేంపల్లెలో ఉండాడు. ముసిలోడైనాడు, మంచం పట్టినాడంట, దగ్గర ఎవురూ ల్యారంట. సూసిరాపో అంటాది మా ఇంటామె. నేను పోల్యా. పోను.

ఏంది, అట్ల సూస్తాండావు? పోవల్లంటావా?

...లెయ్ లెయ్, యేంపల్లె బస్సు పోతాది మళ్లా.