పాకం అడిగినోడు

తవుడని ఒకడుండీవోడు. బెల్లం వొండే పొయ్యి కాడ పిప్పి ఎగదోసీ పని వోడిది. పిప్పంటే తెల్సు గదా, రసం తీసీసిన సెరుకు తుక్కు, ఎండబెట్టి మంటకేస్తారు. సెరుకురసం కాగీ పెద్ద పెనం కాడ తెడ్డు పట్టుకుని ముసలి గౌరీసు. పాకం సూసి అతను "దించండర్రా" అంటేనే దించాల. అనకపోతే, తోట నాయుడుగారిదే అనుకో, ఆయనొచ్చి నిలబడినా దించకూడదు. తొలి బెల్లం దిమ్మ కూడా గౌరీసు ఇంటికే ఎల్లాల. అంత మర్యాదంట. తవుడికేమో ఆ తెడ్డు మీదే మనసు. ఎన్నేళ్ళని పొగ మింగుతాడు పాపం? "మావా, పాకం ఎలగ తెలుస్తాది?" అనడిగితే గౌరీసు "మంట సూడరా" అనీవోడు. అంతే, ఇంకో మాట రాలదు. మీకూ ఉంటారు గదా అలాటి పెద్దోళ్ళు, నవ్వుతారేటి?

ఓ ఏడు ఏటైందంటే, ఓ పెనం ముదిరిపోయి బెల్లం నల్లగా మాడిపోనాది. గౌరీసు సేతిలో ఎప్పుడూ అలగ అవనేదు. తవుడు సూసినాడు గదా, పాకం సుక్క నీళ్ళముంతలో ఏసి, కంటితో సూసీ మనిషి సేతేళ్ళతో తడుంకుంటన్నాడంట. పొగకీ ఆవిరికీ ముసలోడి కళ్ళు పోతన్నాయి. ఇంతలో నాయుడొచ్చి ఎవుడిదిరా తప్పు అనడిగితే గౌరీసు తలొంచుకుని నిలబడిపోనాడు. ఇప్పుడు తవుడు "ఈయనకి కళ్ళు కనబడ్డం నేదు బావూ" అన్నాడనుకో, తెడ్డు వోడి సేతిలో ఉండును. ఏటన్నాడంటే, "మంట నాదే బావూ, ఎక్కువెట్టీసినాను" అన్నాడు. ఇంకో పెనం పాడైతే పొయ్యి కాడ కూడా ఉండొద్దని నాయుడు తిట్టి ఎల్లిపోనాడు. ఇంటికెల్తే పెళ్ళాం పైడమ్మ ఊరుకుంటాదేటి? తెడ్డు సంగతి దేవుడెరుగు, ఉన్న పిప్పి పనీ ఊడగొట్టుకుంటావు అని ఏసుకుంది. "నిజవేనే, అతను అలగ తలొంచుకుంటే నాను సూళ్ళేకపోనాను" అన్నాడంట. పైడమ్మ కూడెట్టింది.

మర్నాటి నుంచి తవుడు ఓ పని మొదలెట్టినాడు. అడగడం. "మావా, నురగ బంగారు రంగు తిరిగింది, నాకేటి తెలుస్తాది, దించీమంటావా?" "ఆగరా, సప్పుడిను. ఇంకా గలగలమంటంది. డుబుక్ డుబుక్కుమనాల." మళ్ళీ కాసేపటికి, "మావా, ముంతలో సుక్క ఉండకట్టింది గానీ ఎత్తితే జారిపోతంది." "లేతరా. ఉండ ముంతకేసి కొడితే టంగుమనాల." టంగుమంది. "దించండర్రా" అన్నాడు గౌరీసు. ఇలగ పెనం పెనానికీ అడుగుతానే ఉన్నాడు. సుట్టూ ఉన్నోళ్ళు, ఇన్నేళ్ళైనా ఈడికి పాకం తెల్దు, మట్టిబుర్ర అని నవ్వీవోళ్ళు. నవ్వితే నవ్వనీ అనుకున్నాడు. ఏటైందంటే, అన్నేళ్ళు నోరిప్పని మనిషి, ఆ ఒక్క ఏడులో తనకున్న పాకం విద్దెంతా నోటంట సెప్పీసినాడు. సెప్పకపోతే గడవదు గదా. మరి గౌరీసుకి తెల్దా, ఈడు ఎందుకడుగుతన్నాడో? తెల్సు. తెల్సే, రోజూ తన సద్దిలో సేప ముక్క తవుడికెట్టీవోడు.

ఆఖరి పెనం దించిన రోజు నాయుడొచ్చి, గౌరీసూ, ఈ తవుడికి బుర్ర నేదు, అందరి నోటా ఇదే మాట, వొచ్చే ఏడు ఇంకోణ్ణి ఎడదామా అన్నాడంట. తవుడు మంటకేసి సూస్తా కూకున్నాడు. గౌరీసు తెడ్డు కడిగినాడు. తడుంకుంటా పొయ్యి కాడికొచ్చి, ఆ తెడ్డు తవుడి ఒళ్ళో ఎట్టినాడు. "బావూ, ఈ ఏడు పాకం సూసింది ఈడే. మాడిన పెనం నాది. నాకు కళ్ళు నేవు" అన్నాడు. నాయుడు తెల్లబోయి, అదేటి, రోజూ నిన్నే అడిగీవోడు గదా అంటే, "అడిగినోడికి కనబడింది బావూ, సెప్పినోడికే కనబళ్నేదు" అన్నాడు. తవుడు ఏడ్సీసినాడంట. పొగ అనీసినాడులే, మొగోడు గదా.

వొచ్చే ఏడు తెడ్డు తవుడిదే. తొలి దిమ్మ మాత్రం తన ఇంట్లో ఎట్టుకోకండా తీసుకెల్లి గౌరీసు ఇంట్లో ఎట్టొచ్చినాడు. ముసలోడు పొయ్యి పక్కన మంచం ఏసుకుని కూకునీవోడు. తవుడికి పాకం అంతా తెల్సు, అయినా పెనం పెనానికీ "మావా, దించీమంటావా?" అని అడిగీవోడు. ముసలోడు సెవొగ్గి ఇని, "దించరా" అంటే అప్పుడు దించీవోడు. అలగ అడిగినందుకు వోడి తెడ్డేటీ అరిగిపోనేదు. మరి నా కథా ఉండకట్టినట్టే ఉంది, దించీమంటారా?