క్షేమం తరవాతి వాక్యం

పరాయి రాష్ట్రంలోని కాసిడీహ్ బస్తీలో ఇంటి వరండాలో కూచుని, శ్రీకాకుళం దగ్గర పల్లెలో ఉన్న తన తల్లికి రాయాల్సిన ఉత్తరాన్ని తండ్రి కూతురికి చెబుతున్నాడు. మిల్లులో దెబ్బతిన్న అతని కుడిచేతికి కట్టు ఉంది. కూతురి ముందు ఇన్‌లాండ్ కవరు ఖాళీగానే ఉంది.

“రాయమ్మా. ఇక్కడ అందరం క్షేమం.”

“అది రాయను. నన్ను వాల్తేరులో తెలుగు ఎమ్మేకి పంపుతావో నేదో ముందు తేల్చు నాన్నా.”

“కతలు రాయడానికి రెండు సమచ్చరాల సదువేటి? ఇక్కడ బడిలో టీచరుద్యోగం రెడీగా ఉంది. నీ కోసం ఆళ్లు ఆగరు.”

“ఆగక్కర్లేదు.”

“బస్తీలో అందరి ఉత్తరాలూ నువ్వే రాత్తావు. వాల్తేరోళ్లు కొత్తగా నేర్పేదేటి?”

“పక్కింటి తవిటయ్య మావ మంచం పట్టినా ఆళ్లింటోళ్లు నాచేత క్షేమమనే రాయించారు. నాకొచ్చింది ఆ ముక్కొకటే. మిగతాది నేర్చుకోడానికే ఎల్తానంటన్నాను.”

“అక్కడా రాకపోతే?”

“తిరిగొచ్చి మళ్లీ క్షేమాలే రాత్తాను. బస్, అంతే!”

తండ్రి కట్టు వైపు చూసుకున్నాడు.

“సరే, రాయి. అమ్మా, మిల్లులో నా మూడు వేళ్లు తెగిపోనాయి... ముసల్ది గుండాగిపోకుండా మిగతాది నువ్వు రాయి.”

ఆమె రెండు ముక్కలు రాసి, కొట్టేసి, కలం పక్కన పెట్టింది.

“నాకు రావట్లేదు నాన్నా.”

“అయితే వాల్తేరు ఎల్లు.”