రేపు టైలరు నిజం చెప్పిన ఏడాది

ఏరా, ఫోన్లో మీ అమ్మతోనేనా ఇప్పుడు మాట్లాడింది? "దారిలో ఉన్నానమ్మా" అన్నావు! చెప్పులు గుమ్మంలో, కాళ్లు నా మంచం మీద, దారెక్కడుందిరా? నవ్వకు. అబద్ధం ఎవరికైనా చెప్పుకో గానీ మీ అమ్మకి మాత్రం చెప్పకు. వాళ్ల నాన్నతో ఆ పిల్ల ఎంత పడిందో నీకేం తెలుసు? మీ తాత, అదే మా అన్నయ్య, పోయి ముప్పై ఏళ్లు దాటింది, నువ్వు చూడనే లేదు. టైలరని తెలుసుగా. ఎప్పుడడిగినా బట్టలు "రేపు" ఇస్తాననేవాడు, అందుకని ఊరంతా "రేపు టైలరు" అని పిలిచేది. సరే, కొట్లో అంటే వ్యాపారం అనుకో. ఇంట్లోనూ అంతే. లాభం ఉండి కాదురా, ఊరికే, నోటికొచ్చేసేది. ఒకసారి మీ అమ్మమ్మ, అంటే మా వదిన, దీపంలోకి కిరసనాయిలు తెమ్మని పంపిస్తే మర్చిపోయి ఉత్త సీసాతో వచ్చాడు. "మర్చిపోయానే" అంటే పోయేదేముంది? అబ్బే! "కొట్టాయన పోయాడే పాపం, పొద్దున్నే గుండె ఆగిపోయిందట" అన్నాడు. వదిన కళ్లొత్తుకుంది. మర్నాడు ఆ కొట్టాయన పాంటు కొలతలివ్వడానికి దిట్టంగా నడుచుకుంటూ మా వరండాలోకొచ్చి కుర్చీలో కూర్చున్నాడు. వదిన చేతిలో నీళ్లగ్లాసు అక్కడే జారిపోయింది. లోపలికెళ్లి "పోయాడన్నారుగా!" అంటే మా అన్నయ్య నీళ్లు నమిలి, "ఏమోనే, మళ్లీ తేరుకున్నాడేమో" అన్నాడు. ఇదీ సంగతి.

అలాంటివి నవ్వుకుని వదిలేసేవాళ్లం. కానీ మీ అమ్మకి తొమ్మిదేళ్లప్పుడు స్కూల్లో పాట పాడాల్సొచ్చింది. నెల రోజులు ఇల్లంతా అదే పాట, నాకు నిద్రలో కూడా వినపడేది. "నాన్నా, నువ్వు రావాలి" అంది. "రాకుండా ఉంటానా తల్లీ" అన్నాడు. ఆ రోజు ఈయన కొట్టు పక్క సెలూన్లో క్యారమ్స్ ఆడుతూ కూర్చుని ఆ మాటే మర్చిపోయాడు. సాయంత్రం గుమ్మంలో గుర్తొచ్చింది. వచ్చీ రాగానే పిల్లని ఎత్తుకుని, "ఎంత బాగా పాడావే! వెనక నిలబడి విన్నాను, కళ్లమ్మట నీళ్లు ఆగలేదనుకో. నా పక్కనున్నాయన ఈ పిల్లెవరండీ అంటే మా అమ్మాయేనండీ అన్నాను" అని ఒకటే వర్ణన. మీ అమ్మ మెల్లగా కిందకి దిగింది. "ఇవాళ పాటల్లేవు నాన్నా. హెడ్‌మాస్టరుకి జ్వరమని ప్రోగ్రాం ఆపేసి పొద్దున్నే ఇంటికి పంపేశారు" అంది. అంతే. ఏడవలేదు, అరవలేదు. అన్నం కంచం తీసుకుని వాళ్ల నాన్నకి వీపు పెట్టి కూర్చుంది.

అప్పటి నుంచి చూడాలి! ఆయన "వర్షం పడుతోంది, గొడుగు పట్టుకెళ్లమ్మా" అంటే, కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి తడిసిందో లేదో చూసుకునేది. ఆయన ఏం చెప్పినా, ఆయన ఎదురుగానే "అమ్మా, నిజమేనా?" అనేది. ఆ మాటకి మా అన్నయ్య మొహం ఎలా అయిపోయేదంటే... సరేలే. ఒకరోజు వదిన దగ్గరకెళ్లి "ఇంక అబద్ధమాడను, నీ మీదొట్టు" అన్నాడు. వదిన ఏమందో తెలుసా? "నా మీద ఒట్టెందుకండీ, మీ లెక్కన నేను ఈపాటికి పాతిక సార్లు చచ్చుండాలి. ఒట్లొద్దు. ఏది జరిగితే అది చెప్పండి చాలు. బాగుండక్కర్లేదు."

"బాగుండక్కర్లేదు" అన్నదొక్కటే గట్టిగా పట్టుకున్నాడు మహానుభావుడు. ఓ లాయరుగారు చొక్కా కోసమొస్తే, "ఇంకా కత్తిరించనేలేదండీ. బద్ధకమేసింది" అన్నాడు. లాయరుగారు నోరెళ్లబెట్టి, స్టూలు లాక్కుని కూర్చుండిపోయాడు, పాపం ఆయన వృత్తిలో అలాంటి మాట వినుండడు. వదిన వాళ్లమ్మగారొచ్చి "ఎన్నాళ్లుండమంటావు అల్లుడూ?" అంటే "రెండ్రోజులు చాలండి అత్తయ్యగారూ" అన్నాడు. ఆవిడ మర్నాడు పొద్దున్నే బస్సెక్కేసింది. వదిన తిట్టాలి, కానీ ఏమని తిడుతుంది? తనే కదా చెప్పమంది! ఇంకోసారి అద్దం ముందు నిలబడి "ఏమండీ, లావయ్యానా?" అంది. వేరే మొగుడైతే చచ్చినా లేదంటాడు. ఈయన మెడలో టేపు తీసి కొలిచి, "రెండంగుళాలు" అన్నాడురా! నాలుగు రోజులు ఆ ఇంట్లో కూరలో ఉప్పు లేదు. మధ్యలో నాకో ఉద్యోగం. ఆయన ఎక్కడికెళ్లానంటే అక్కడికి నేను వెళ్లి కనుక్కురావాలి, వదిన ఆజ్ఞ. ఏడాది తిరిగాను. ఒక్కటీ తప్పు దొరకలేదు. వదిన మెత్తబడింది. మీ అమ్మే, ఊహూ.

అప్పుడు సైకిలు నేర్చుకుంటానంది. నా సైకిలే, సీటు కిందికి దించాం. "బాబాయ్, నువ్వు పట్టుకో, నాన్నొద్దు" అంది. ఆయన పక్కనే ఉన్నాడు, సైకిలు తుడుస్తూ. నేను మోకాలు పట్టుకుని "అబ్బా, వాచిందే" అన్నాను. నా మోకాలికేం లేదు! ఆ ఏడాది ఆ ఇంట్లో అబద్ధమాడింది నేనొక్కణ్ణే. ఇక గతిలేక ఎక్కింది. ఆయన వెనక సీటు పట్టుకుని పరుగు. "పట్టుకున్నావా?" "పట్టుకున్నా." "నిజంగా?" అని వెనక్కి తిరిగి చూడ్డం, సైకిలు ఒరిగిపోవడం. నాలుగు అడుగులకోసారి ఇదే. వెనక్కి చూసే పిల్లకి సైకిలెలా వస్తుంది? ఓ గంటకి ఆయనకి ఆయాసమొచ్చి చెయ్యి జారింది. పిల్ల వెళ్తూనే ఉంది, జోరుగా. "నాన్నా, ఉన్నావా?" అంది. ప్రపంచంలో ఏ తండ్రైనా ఉన్నాననే అంటాడు కదరా? ఈయన రోడ్డు మధ్య నిలబడి, "లేను తల్లీ! వదిలేశాను!" అని కేక. పిల్ల బెదిరి ఎవరో ఇల్లు కట్టడానికి పోయించిన ఇసుక కుప్పలోకి ధబ్బున పడింది. నేను మోకాలి సంగతి మర్చిపోయి పరిగెత్తాను. వదిన గుమ్మంలోంచి "అదొక్కటీ దాచలేకపోయారా!" అని అరుపు. "అడిగింది కదే!" అని ఈయన.

మీ అమ్మ ఇసుకలో కూర్చుని, మోకాలు దోక్కుపోయి రక్తం వస్తుంటే, దాన్ని చూసుకోదే! వాళ్ల నాన్న వైపే చూస్తోంది. "ఎక్కడ వదిలేశావు?" అంది. "ఆ పచ్చ గేటు దగ్గర" అన్నాడు భయం భయంగా. గేటు చూసింది, ఇసుక చూసింది. ముప్పై గజాలు ఉంటుంది. "అక్కడి నుంచి నేనే తొక్కానా?" "నువ్వే తల్లీ." ఎప్పట్లా వాళ్లమ్మని అడుగుతుందనుకున్నాం, నేనూ వదినా. అడగలేదు. లేచి లంగా దులుపుకుని సైకిలెక్కి, "పట్టుకో నాన్నా" అంది. ఈయన పట్టుకుని పరుగు, "ఉన్నానమ్మా, ఉన్నా" అంటూ. గేటు దాటాక "ఇప్పుడు వదిలేస్తున్నా తల్లీ" అన్నాడు. "సరే" అంది. వీధి చివరిదాకా వెళ్లింది. ఒక్కసారీ వెనక్కి చూడలేదురా. ఈయన గేటు పట్టుకుని, ఆయాసమో ఏడుపో తెలీకుండా...

ఊఁ. ఆ కిటికీ కాస్త వెయ్యి, ఎండ మొహం మీద పడుతోంది.