ఆఖరి చిల్లుకాణీ

తెలీబంధాలో ఒంటరిగా ఉండే రిటైర్డ్ గార్డు పున్నయ్య, పాత నాణేలు కొనే సూరిబాబు చేతిలో చిల్లుకాణీ పెట్టాడు.

"ఇదెక్కడ దొరికింది బాబాయ్?"

"అటక మీద. ఎప్పుడో దాచి మరిచిపోయాన్రా."

"పోయిన ఆదివారం గడియారం వెనక, అంతకుముందు గోధుమల డబ్బాలో. ఇల్లంతా ఒకేసారి వెతికేస్తే పోయేదిగా?"

పున్నయ్య టీ వడగట్టసాగాడు. దాచినవన్నీ ఒకేసారి తీసిస్తే, ఆదివారం ఈ తలుపు తట్టేదెవరు?

"ఇదే ఆఖరిది. ఇక నువ్వు సిల్తారా నుంచి ఇంతదూరం రానక్కర్లేదు."

సూరిబాబు కాణీని తిరిగి ఆయన అరచేతిలోనే పెట్టాడు.

"మీ దగ్గర కొన్నవన్నీ వచ్చే ఆదివారం తెస్తాను. ఏది ఎక్కడ సంపాదించారో ఒక్కోటీ చెప్పాలి."

"ఒక్క ఆదివారంలో తెమిలే పని కాదురా."

"తెమలకపోతేనేం బాబాయ్. టీలో చీనీ కాస్త ఎక్కువెయ్యండి."