సౌండు లేని సినిమా

ఆసుపత్రిలో ఆపరేషన్ గదుల ముందు వరండా. గోడకు టీవీ ఉంది. సినిమా నడుస్తోంది, శబ్దం లేదు. బెంచీ మీద ఇద్దరు స్నేహితులు, ఒకడు టైలరు, ఒకడు ఎలక్ట్రీషియను, తెర మీది వాళ్ళ మాటలు తామే చెప్తున్నారు.

"...'వెళ్ళిపోతున్నావా? వెళ్ళు! కానీ నా ఇస్త్రీపెట్టె ఇచ్చి వెళ్ళు!'"

"హీరోయిన్ అంతలా ఏడుస్తుంటే ఇస్త్రీపెట్టె ఏంట్రా టైలరూ?"

"అంత ఏడుపు మొగుడి కోసం రాదురా. సామాను పోతేనే వస్తుంది. నీ వంతు. హీరో నోరు తెరిచాడు, కానీయ్ కరెంటూ."

"'ఇస్త్రీపెట్టె... అదీ... అదేంటంటే...'"

"హీరో నోరు మూసేసి, కారెక్కి, వేరే పెళ్ళి కూడా చేసుకున్నాడు. నువ్వింకా 'అదీ' దగ్గరే ఉన్నావు."

"నావల్ల కాదు. నేను వైర్లతో పనిచేసేవాణ్ణి. అవి మాట్లాడవు. మన మిమిక్రీ మైకుగాడుంటే ఈపాటికి వెనకాల ఆ గుర్రం చేత కూడా మాట్లాడించేవాడు."

"ఉంటే ఏంటి, ఉన్నాడుగా లోపల."

"ఉన్నాడులే. మాటవరసకి అన్నా."

"నవ్వొచ్చిందా నీకు? ఇస్త్రీపెట్టెకి?"

"లేదు. నీకు?"

"లేదు."

"ఆపేద్దామా పోనీ?"

"ఆపి ఏం చేస్తాం?"

"అదీ నిజమే. కానీయ్."

"అసలిదంతా నీవల్లే. అప్పట్లో మన ముగ్గురి గదిలో టీవీ స్పీకరు పోయిన రోజే బాగు చేసుంటే మనం కూడా అందరిలాగా సౌండు పెట్టుకుని సినిమాలు చూసేవాళ్ళం."

"బాగు చెయ్యడానికి స్క్రూడ్రైవరు తీశాన్రా. వాడు టీవీకి అడ్డంగా పడుకున్నాడు. 'నన్ను దాటి వెళ్ళి చూడుము సేనాపతీ' అన్నాడు. ఒకేసారి రాజుగారూ వాడే, రాణిగారూ వాడే, వెనక ఏనుగూ వాడే. ఇంక నేను స్క్రూడ్రైవరు లోపల పెట్టేశా."

"మంచి పని చేశావులే. సౌండున్న సినిమా నేను ఈ మధ్య ఒకటి చూశా. ఏం బాలేదు. వాళ్ళ మాటలు వాళ్ళే చెప్పుకుంటున్నారు."

"మైదానంలో ఆ పాటల కచేరీ గుర్తుందా?"

"గుర్తుండకపోవడమేంటి. ఆ గాయకుడు ఊపులో మైకు జనంలోకి చాపాడు. మనవాడికి అందింది. అంతే, మిగతా కచేరీ మొత్తం మనవాడే. అసలాయన దిగొచ్చి మన పక్కన కూర్చుని పల్లీలు తిన్నాడు."

"ఒక్క చరణం పాడాడంతే."

"నాకు మొత్తం కచేరీ వినపడింది. ఆ గాయకుడు ఆ దెబ్బకి సంగీతం మానేసి కిరాణా కొట్టు పెట్టుకున్నాడు పాపం."

"మొన్న టీవీలో పాడాడు కదరా!"

"సాయంత్రాలు కొట్టు మూసేస్తాడు. దీనిక్కూడా నవ్వు రాలేదా?"

"రాలేదురా. బానే ఉంది గానీ రాలేదు."

"నాకూ అంతే. నోరు దానంతటదే వాగేస్తోంది. నేను పక్కన నించుని వింటున్నా."

"డాక్టరు ఏమన్నాడో మళ్ళీ చెప్పు."

"ఎన్నిసార్లురా?"

"ఒక్కసారి."

"కోసి చూస్తేగానీ తెలీదన్నాడు. గడ్డ పైపైనే ఉంటే అదొక్కటే తీసి కుట్టేస్తారు. లోపలికి పాకి ఉంటే స్వరపేటిక మొత్తం తీసేస్తారు. ఎలాగైనా ప్రాణానికి ఢోకా లేదు."

"మాటకి?"

"పేటిక తీసేస్తే మాట పోతుంది."

"గుసగుస?"

"గుసగుస కూడా పోతుందన్నాడు కదరా. నువ్వు అడిగిన ప్రతిసారీ అదే చెప్తున్నా. ఇంకోసారి అడిగితే మారుతుందా ఏంటి?"

"మారుతుందేమోనని."

"ఊరుకో. అదిగో వాడి పెళ్ళాం, చెల్లెమ్మ వస్తోంది. హీరో మళ్ళీ వచ్చాడు, చెప్పు. ఏదో ఒకటి చెప్పు."

"'అదీ...'"

"ఏం చేస్తున్నారన్నయ్యా? నవ్వుతున్నారా?"

"అబ్బే, లేదు చెల్లెమ్మా. రా, కూర్చో. ఒరేయ్, జరుగు. ఇద్దరం నవ్వుదామని పొద్దుటినించీ చూస్తున్నాం. ఇద్దరిలో ఒక్కడికీ రావట్లేదు."

"టైలరన్నయ్యా, మీ ఫోన్లో ఆయన గొంతు ఉందా?"

"బోలెడుంది. నా ఫోన్లో నా ఫొటోలకి చోటు లేనంత ఉంది. ఇదిగో, ఇందులో పెళ్ళికూతురి గొంతు. ఇది పెళ్ళికూతురి నాయనమ్మ. ఇది... నాయనమ్మ కుక్క. ఏడుస్తోంది, పెట్టనా?"

"అవి కాదు. ఆయన సొంత గొంతు."

"సొంత గొంతంటే..."

"మామూలుగా. ఎవరిలాగా కాకుండా."

"ఒరేయ్ కరెంటూ, నీ దగ్గరుందా?"

"నా దగ్గర అన్నీ విలన్లే."

"అది ఎలా ఉంటుందమ్మా? లావుగా ఉంటుందా, సన్నగానా?"

"మిమ్మల్నే అడుగుదామని వచ్చా అన్నయ్యా."

"మమ్మల్నా? కాపురం చేసేది నువ్వు కదమ్మా!"

"ఇంట్లో ఉప్పు కావాలంటే వార్తలు చదివే ఆవిడలాగా అడుగుతారు. 'ముఖ్యాంశాలు. పప్పులో ఉప్పు లేదు.' కోపమొస్తే మా నాన్నలాగా తిడతారు. మా నాన్న కన్నా బాగా తిడతారు."

"పోనీ నిద్రలో?"

"గురక. అదొక్కటే సొంతం. పొద్దున స్ట్రెచరు మీద తీసుకెళ్తుంటే చెయ్యి పట్టుకున్నా. ఒక్క మాట, మామూలుగా మాట్లాడండి, మీలాగా, అన్నా. నా వంక చూశారు. నోరు తెరిచారు. ఇప్పుడంటారు, ఇప్పుడంటారు అని చూస్తున్నా."

"ఏమన్నాడు?"

"'ప్రయాణికులకు విజ్ఞప్తి. ఈ బండి కొద్దిగా ఆలస్యంగా నడుచుచున్నది.'"

"ఓరి వీడి..."

"నర్సులు పగలబడి నవ్వారు. అంతలో తలుపు మూసుకుంది."

"నువ్వేం చేశావు చెల్లెమ్మా?"

"నేనూ నవ్వా కరెంటన్నయ్యా. అందరూ నవ్వుతుంటే ఏం చెయ్యను?"

"కోపం రాలేదా?"

"ఏదీ రావట్లేదు. పన్ను పీకేముందు ఇంజెక్షన్ ఇస్తే బుగ్గ ఎలా ఉంటుంది? గిల్లినా తెలీదు చూడండి. మనిషి మొత్తం అలా ఉన్నా."

"కాఫీ తాగుతావా?"

"తాగానన్నయ్యా. మీరే తెచ్చారు కదా."

"తెచ్చానా?"

"రెండుసార్లు తెచ్చారు."

"సినిమా అయిపోయిందిరా టైలరూ. ఇదేదో పాటల ప్రోగ్రాం పెట్టారు."

"ఆవిడ ఏం పాడుతోందన్నయ్యా? చెప్పండి, మీకలవాటేగా."

"మాటలైతే ఏదో లాక్కొస్తాం గానీ పాటలు మావల్ల కాదమ్మా. పాటలు వాడి డిపార్ట్‌మెంటు."

"నేను చెప్పనా?"

"నువ్వా? చెప్పు చెప్పు."

"'ఇంటికొచ్చాక... గిన్నెలు మీరే కడగాలీ... కూరకి నేను వేసిన పోపుకి వంకలు పెట్టకూడదూ...'"

"ఇది పాటా చెల్లెమ్మా?"

"రాగం సంగతి తెలీదు. ఆవిడ ముఖం చూస్తే అదే పాడుతున్నట్టుంది."

"చూడరా, నీకన్నా నయం. నోటికి సరిగ్గా సరిపోయింది."

"నిజమేరా. ఆ చివర్లో చెయ్యి ఊపింది చూశావా, అచ్చం గిన్నె విసిరేసినట్టే."

"'నూనె గిన్నె ముందు కడగాలీ...'"

"ఆగాగు చెల్లెమ్మా. నర్సు పిలుస్తోంది. నిన్నే."

"నన్నేనా?"

"నిన్నే. ఆ అద్దం తలుపు దగ్గర. పేషెంటు భార్యొక్కరే రావాలంటోంది."

"అయిపోయిందా అప్పుడే? సాయంత్రం దాకా పడుతుందన్నారుగా?"

"ఏమోనమ్మా. వెళ్ళు. మేమిక్కడే ఉంటాం. ఎక్కడికీ పోం."

"నా చెప్పులేవి?"

"కాళ్ళకే ఉన్నాయమ్మా."

"తలుపు వేసేశారురా."

"ఆపరేషన్ త్వరగా అయిపోతే మంచిదా, చెడ్డదా?"

"బట్ట చింపిన వెంటనే కుట్టేశామంటే ఒకటి, లోపల పెద్ద పని లేదని. లేదా..."

"లేదా?"

"లేదా ఏం లేదు. నేను టైలర్ని. జాకెట్ల సంగతి అడుగు, చెప్తా."

"డాక్టరు వచ్చాడు. మూతిగుడ్డ కిందికి లాగాడు. మాట్లాడుతున్నాడురా! ఏమంటున్నాడు?"

"నాకెలా తెలుస్తుంది? ఈ అద్దం వెనక బాంబు పేలినా వినపడదు."

"చెప్పరా టైలరూ."

"ఏం చెప్పను?"

"ఇప్పటిదాకా చెప్పావుగా. డాక్టరు నోరు కదుపుతున్నాడు. చెప్పు."

"'చూడమ్మా...'"

"ఊ."

"'చూడమ్మా, మీ ఆయన గొంతు తెరిచాం. లోపల ఇరుక్కుని పదిమంది ఉన్నారు. ఇద్దరు పోలీసులు, ఒక పంతులుగారు, ఒక చంటిపిల్లాడు, బండెడు సామానుతో ఒక ముసలమ్మ...'"

"తరవాత?"

"'అందరినీ మర్యాదగా బయటికి పంపించాం. ముసలమ్మ ఒక్కతే కొంచెం పేచీ పెట్టింది. మీ ఆయన్ని మాత్రం లోపలే కూర్చోబెట్టాం. ఇకనించి ఒక్కడే ఉంటాడు. ఆయన మాట్లాడితే ఆయన గొంతే...'"

"ఆపరా."

"ఇంకా ఉంది."

"ఆపు. డాక్టరు అంతసేపు మాట్లాడలేదు. ఎప్పుడో అయిపోయింది. మళ్ళీ ఆపరేషన్ గదిలోకే వెళ్ళిపోయాడు."

"వెళ్ళిపోయాడా?"

"చెల్లెమ్మని చూడు."

"చూస్తున్నా."

"చెయ్యి ఎక్కడ పెట్టుకుందో చూడు."

"చూశా అన్నాగా."

"గొంతు మీద."

"చూశాన్రా."

"టైలరూ."

"ఊ."

"ఇకమీద వాడి మాటలు ఎవరం చెప్పేది? నువ్వా, నేనా?"