పీతబాబు ఏటన్నాడు?

నరసన్నపేట బట్టల కొట్టులో పని ముగించుకొని భారతి అప్పుడే ఇంటికొచ్చింది. అత్త కూర్మమ్మ ఒళ్ళో నాలుగేళ్ళ అరుణ. అరుణ చేతిలో ఫోను.

“అబద్ధం.”

“నానెందుకు అబద్ధమాడతానే భారతీ? నీ కూతురు మాట్టాడిందంటే సంతోసించకుండా ఆ మొకమేటి?”

“నాలుగేళ్ళొచ్చినా ‘అమ్మా’ అని పిలవని పిల్ల, నానలా కొట్టుకెల్లగానే మాట్టాడేసినాదా?”

“మాట్టాడినాది. మద్దినేల ఫోన్లో పీతబాబు బొమ్మొచ్చింది. పీత రాయి మీంచి పడిపోనాది. పడిపోయి...”

“ఫోనివ్వొద్దని డాక్టరమ్మ సెప్పిందా, లేదా?”

“ముందిది ఇను! పీత పడిపోయి ‘నాను పడలేదు, కూకున్నాను’ అన్నాది. దాంతోపాటే ఇదీ ‘కూకున్నాను’ అన్నాది. నా సెవులారా ఇన్నాను.”

“అక్కడే దొరికిపోనావత్తా. పీతబాబు ‘కూకున్నాను’ అనడు.”

“మరేటంటాడు?”

“‘కూర్చున్నాను’ అంటాడు. ఈదిలో పిల్లలందరూ అదే పాట. మొన్న స్టూలు మీంచి పడిపోయి మా ఓనరు కూడా అదే అన్నాడు.”

“కూకున్నాననే అంటాడు.”

“కూర్చున్నాను!”

“కూకున్నాను!”

“ఇలా తే ఆ ఫోను. ఇదిగో, ఎట్టినాను. ఇను.”

“‘నేను పడలేదు... కూర్చున్నాను!’”

“ఇన్నావా? బొమ్మని సూసి నేర్సుకుంటే పిల్ల ‘కూర్చున్నాను’ అనాల. ‘కూకున్నాను’ నీ మాట. ఫోనిచ్చిన తప్పు కప్పెట్టుకోడానికి నువ్వే అనేసి, పిల్ల మీద ఎట్టేత్తన్నావు.”

“బొమ్మెలాగంటే నాకేటి? మనింట్లో కూకోడమనే అంటాం. ఇది మనింటి పిల్ల కాదేటి?”

“అయితే ఇప్పుడు అనమను. అరుణా, అనమ్మా. కూ... అనవే! సూడు, నోరు మెదపదు.”

“అలా మీద పడితే ఏటంటాది? బెదిరిపోతన్నాది.”

“పొద్దున్నుంచి దాంతో ఉండేది నువ్వు. దానికి మాట రాకపోడానికీ నువ్వే కారణం. సేతికి ఫోనిచ్చి, ఓ మూల కూకోబెట్టి...”

“అదిగో! నువ్వూ కూకోబెట్టి అనే అన్నావు.”

“మాట మార్సకు!”

“నానేటి మారుత్తాను? నాలుగేళ్ళు దీని గుడ్డలుతికినాను. ముద్దముద్దకీ కత సెప్పి తినిపించినాను. నీ బాదేటో సెప్పనా? బిడ్డ మొదటి మాట నీకు కాకుండా నాకు ఇనబడింది. అదీ నీ ఏడుపు.”

“అవును! అదే నా ఏడుపు. కన్నది నాను. దాని మందుల కోసం పొద్దస్తమానం నిలబడి సీరలిప్పి మడతెడతన్నది నాను. దాని మాట నీకెందుకు ఇనబడాల?”

“నాకెందుకు ఇనబడాలంటావా?”

“అవును, నీకెందుకు?”

“సరే. ఇంక ఈ ఇంట్లో ఉండను. బొబ్బిలి నా కూతురింటికి ఎల్లిపోతాను.”

“ఎల్లు. ఇప్పుడే ఎల్లు. ఆరింటికి బస్సుంది.”

“ఎల్తాను. నీ దగ్గర మాటలు పడాలని నాకేటి రాసుందేటి? నా సంచీ ఏదీ... ఆఁ, ఇక్కడుంది. అరుణా, కొంగట్టుకు లాగకు, ఒగ్గీ తల్లీ. ఒగ్గీమన్నానా! మీ అమ్మ పొమ్మన్నాక నానిక్కడ...”

“మామ్మా... ఎల్లకు.”



“అత్తా... సంచీ కిందెట్టు.”