తాతయ్య అనే ముసలి కంప్యూటరు

"బఠాణీలు ఒలవడంలో నన్ను మించినవాడు పుట్టలేదు," అన్నాడు తాత, కంప్యూటర్ల గదిలో కుర్చీ లాక్కుంటూ. మనవరాలు తల కూడా తిప్పకపోయేసరికి ఆయనకు కాస్త చిన్నతనమనిపించింది.

"ఇప్పుడు నీ కోతలు వద్దు తాతయ్యా. సాయంత్రంలోగా వరద ఎంత వస్తుందో లెక్క తేలకపోతే ఈ పని నా చేతిలోంచి లాగేస్తారు."

"ఇన్ని కంప్యూటర్లు పెట్టుకుని ఏం రోగమే?"

"అన్నిటికీ సమానంగా పంచాను. కొత్తవి ఎప్పుడో ముగించి ఖాళీగా కూర్చున్నాయి. మూలనున్న ముసలిది ఇంకా నములుతూనే ఉంది. దానికి తాతయ్య అని పేరు పెట్టాం. ప్లగ్గు పీకేస్తున్నా."

"మీ నానమ్మ నన్ను పీకెయ్యలేదుగా. నిజానికి ఒలుపులో అందరికంటే వెనక నేనే. పెళ్ళింట్లో తలా ఒక బుట్ట ఇస్తే, నా బుట్ట కోసం వంటంతా ఆగిపోయింది. మర్నాడు ఆవిడ కాయలన్నీ మధ్యలో పోసి, చెయ్యి ఖాళీ అయినవాళ్ళు దోసెడు తీసుకోండి అంది."

"ఆగాగు. లెక్కను చిన్న ముక్కలు చేసి, ఖాళీ అయిన కంప్యూటరే వచ్చి తీసుకునేలా ప్రోగ్రాం రాస్తే..."

ఎండ కిటికీ దిగకముందే లెక్క తేలింది. ముసలిది కూడా రెండు ముక్కలు పూర్తి చేసింది.

"ఇంతకీ ఆ మర్నాడు నువ్వెన్ని దోసిళ్ళు ఒలిచావు?"

"నేను ఒలిచానన్నదొక్కటే కల్పించానమ్మా. వాళ్ళు ఒలిచినవి కూర్చుని తిన్నాను."